కొట్టు అందులోనే, కాలం పోయేదీ అందులోనే

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 36 ఏళ్లు. పుట్టిల్లు వెంకటగిరి దగ్గర. పెళ్లయి బెంగళూరు వచ్చాక ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేశారు, రెండో కాన్పు తర్వాత మానేశారు. 2020 లాక్‌డౌన్‌లో నేసిన చీరలు నేసినట్టే ఇళ్లలో ఉండిపోయి నేతవాళ్లు ఇబ్బంది పడుతుంటే, మేనమామ పంపిన కొన్ని చీరలకు ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అన్నీ అమ్ముడుపోయాయి. అలా మొదలైన పేజీకి ఇప్పుడు 14 వేల మంది ఫాలోవర్లు. వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ చీరలు తెప్పిస్తారు. శనివారం సాయంత్రం లైవ్ పెడతారు. ఖర్చులు పోను మంచి నెలలో 40 వేల దాకా, ఆషాఢం లాంటి నెలల్లో 15 వేల దాకా మిగులుతుంది. పిల్లలిద్దరి స్కూలు ఫీజూ ఆ డబ్బుతోనే కడుతున్నారు.

ఇక కష్టం ఆమె మాటల్లోనే: "ఎవరో 'ప్రైస్ ప్లీజ్' అని మెసేజ్ పెడతారు. జవాబివ్వడానికి ఫోన్ తీస్తాను. జవాబుకి అర నిమిషం. తలెత్తి చూసేసరికి పప్పు అడుగంటి వాసన వస్తూ ఉంటుంది. మధ్యలో ఏం చూశావని అడిగితే చెప్పలేను." పిల్లలు పడుకున్నాక ఆర్డర్లు సరిచూసుకుందామని కూర్చుని, రాత్రి ఒంటిగంట దాకా ఎవరెవరివో వీడియోలు చూస్తారు. తనలాగే చీరలమ్మే ఇంకొకామె పేజీకి రోజూ వెళ్లకుండా ఉండలేరు. ఆమె పెట్టిన రంగులే తెప్పిస్తే పదిహేను చీరలు అమ్ముడవక మిగిలిపోయాయి. పోయిన కార్తీకంలో విసిగిపోయి యాప్ తీసేశారు. మూడు రోజులు హాయిగా ఉంది, తర్వాత భయం పట్టుకుంది. వారం తర్వాత తెరిస్తే, గృహప్రవేశానికి ఎనిమిది పెట్టుబడి చీరలు అడిగినావిడ జవాబు రాక వేరేచోట కొనేసుకున్నారు.

ఇంట్లో మాటలు పడుతున్నారు. భర్త "తీసేయ్ ఆ యాప్, నీ డబ్బు లేకపోయినా బతుకుతాం" అంటారు. అత్తగారు "అది పనో కాలక్షేపమో నాకు అర్థం కాదమ్మా" అంటారు. ఎనిమిదేళ్ల కొడుకు స్కూల్లో జరిగినదేదో చెప్పబోయి, తల్లి చేతిలో ఫోన్ చూసి "అయ్యాక చెప్తాలే అమ్మా" అని వెళ్లిపోయాడట. "వాడు కోపంగా అనలేదు, అలవాటైపోయినట్టు అన్నాడు. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు" అని రాశారు. నెలకు 15 వేలిస్తే పేజీ మొత్తం తామే చూసుకుంటామని ఒక ఏజెన్సీవాళ్లు అడుగుతున్నారు. ఇది వ్యసనమా, మానేయాలా, మానేస్తే నా చీరలు ఎవరు కొంటారు అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో "నాకు నిగ్రహం లేదు", "చదువుకుని కూడా ఇలా అయ్యాను" అన్న మాటలు పేజీకి రెండు మూడు చోట్ల ఉన్నాయి. వాటిని పక్కన పెట్టేదాకా మిగతాదేదీ సరిగ్గా ఆలోచించలేరు కాబట్టి ముందు ఆ సంగతి మాట్లాడతాను.

మీరు తలెత్తలేకపోవడానికి కారణం ఆ యాప్ తయారీలోనే ఉంది. ఒకప్పుడు ఏ వెబ్ పేజీకైనా కింద ఒక చివర ఉండేది. తర్వాతి పేజీ నొక్కాలి. ఆ నొక్కే క్షణంలో "ఇక చాలు" అనుకునే వీలుండేది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ చివర లేకుండా, కిందికి జరిపేకొద్దీ కొత్తవి వచ్చి చేరే పద్ధతి తయారుచేశారు. దానివల్ల జనం ఎంత కాలం పోగొట్టుకుంటున్నారో చూసి తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డారు. ఫేస్‌బుక్‌కు మొదటి అధ్యక్షుడిగా పనిచేసిన షాన్ పార్కర్ 2017లో ఇంకా సూటిగా చెప్పారు: మనిషి మనసులో ఉన్న ఒక బలహీనతను వాడుకునేలా, వీలైనంత ఎక్కువ సమయం, ధ్యాస రాబట్టేలా తాము తెలిసే దాన్ని కట్టామని. 2023 అక్టోబరులో అమెరికాలో 40కి పైగా రాష్ట్రాలు ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా మీద కోర్టుకెక్కాయి, పిల్లలు వదల్లేని విధంగా దీన్ని రూపొందించారన్న ఆరోపణతో. పెద్ద జీతాలు తీసుకునే ఇంజనీర్లు, మీరు ఏ వీడియో దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో లెక్క కట్టే యంత్రాలు ఒక పక్కన. రాత్రి పదకొండింటికి, రోజంతా పని చేసి అలసిపోయిన మీరు ఒక్కరూ ఇంకో పక్కన. ఓడిపోతే అది మీ గుణంలో లోపమని నేను ఒప్పుకోను.

మీ విషయంలో మరో చిక్కు ఉంది. ఫోన్ తగ్గించుకోమని సలహాలిచ్చేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. 1950లలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశారు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, ఆకలైనప్పుడే పొడుస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా చేస్తే మాత్రం విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. లైకులు, కామెంట్లు మనల్ని పట్టుకునేదీ ఇలాగే. మామూలు మనిషికి ఆ గింజ ఒక లైకు. దొరికితే కాస్త సంతోషం, దొరక్కపోతే పోయిందేమీ లేదు. మీకు అది ఒక చీర ఆర్డరు. ఫోన్ మోగిన ప్రతిసారీ అది నిజంగానే రెండు వేల రూపాయల బేరం కావచ్చు, "నైస్ కలర్ అక్కా" అన్న ఉత్త మాటా కావచ్చు. తెరిచి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి నోటిఫికేషన్లు ఆపేయమని ఎవరైనా తేలిగ్గా అంటే మీకు కోపం రావడం సహజం. ఆపితే ఫీజు డబ్బు పోతుందన్న భయం మీది, అందులో అబద్ధం లేదు. ట్యూషన్లు చెప్పేవాళ్లు, కేకులు చేసేవాళ్లు, పెళ్లికూతురు మేకప్ చేసేవాళ్లు కూడా ఇదే బాధతో నాకు రాస్తున్నారు. అందరిదీ ఇదే మెలిక: జీతం వచ్చే గుమ్మమూ, కాలం కారిపోయే గుమ్మమూ ఒకటే.

ఇక వ్యసనమా అన్న ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో వీడియో గేమ్‌ల వ్యసనం ఉంది గానీ, సోషల్ మీడియాకు వేరే పేరుతో జబ్బు లేదు. పేరు లేదని బాధ లేదనడం కాదు. ఉత్తరం చదివి ఒక మనిషికి జబ్బు పేరు పెట్టే పని మాత్రం నేను చేయను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది రాత్రి ఒంటిగంట. పగటి సంగతి పద్ధతులు మార్చుకుంటే చాలావరకు దారిలో పడుతుంది. నిద్ర సంగతి అలా వదిలేయకూడదు. దాని గురించి చివర్లో చెబుతాను.

మీరు "పని" అంటున్నదాన్ని కాస్త విడదీసి చూద్దాం. మీరు ఆ యాప్‌లో చేసేవి ఇవి: ఫొటోలు పెట్టడం, మెసేజ్‌లకు జవాబులివ్వడం, శనివారం లైవ్, ఇతరుల పేజీలు చూడటం. మొదటి మూడూ నిఖార్సైన పని, వాటికి మొదలూ చివరా ఉన్నాయి. లైవ్ అయితే గంటన్నరలో ముగుస్తుంది, గొంతు నొప్పి పుడుతుంది, అమ్ముడైన చీరల పక్కన పేర్లు రాసిన కాగితం మిగులుతుంది. నాలుగోదాన్ని కూడా మీరు "మార్కెట్ తెలుసుకోవడం" అని పని కింద రాశారు. అక్కడ మీతో ఏకీభవించలేను. మార్కెట్ తెలుసుకోవడానికి వారానికొకసారి అరగంట, చేతిలో పెన్ను పెట్టుకుని కూర్చుంటే చాలు. రోజూ రాత్రి ఆ ఒక్కామె పేజీ చూడటం వల్ల మీకు తెలిసింది ఏమిటి? ఆమె రంగులు తెప్పించి పదిహేను చీరల సొమ్ము ఇరుక్కుపోయింది. ఆమె కస్టమర్లు వేరు, మీ కస్టమర్లు వేరు. మీ దగ్గరకు వచ్చేవాళ్లు లేత రంగు వెంకటగిరి నూలు చీరలు, రోజూ ఆఫీసుకి కట్టుకునేవి అడుగుతారని మీరే రాశారు. ఆ పేజీని మ్యూట్ చేయండి. ఆమెకు తెలియదు, ఆమె పోస్టులు వాటంతటవి మీ ముందుకు రావు. ఇది ఒక్కటి మాత్రం ఈ రోజే చేయమంటాను.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, మీరు దాన్ని పెద్దగా పట్టించుకోకుండా రాసి ముందుకు వెళ్లిపోయారు: "పాతవాళ్లు ఎలాగూ వాట్సాప్‌లోనే అడుగుతారు, సంక్రాంతికి సగానికి పైగా వాళ్లే కొన్నారు." మీ వ్యాపారంలో సగం ఇప్పటికే ఇన్‌స్టాగ్రామ్ బయట నడుస్తోంది. కొత్తవాళ్లు మిమ్మల్ని కనుక్కోవడానికి ఆ పేజీ కావాలి, నిజమే. కనుక్కున్నాక మాత్రం వాళ్లు మీ ఫోన్ నంబరు దగ్గరకు వచ్చేస్తున్నారు. తిరునాళ్లలో కొట్టు పెట్టుకున్నామె జనం కోసం అక్కడ ఉండాల్సిందే, కానీ రంగులరాట్నం ఎక్కాల్సిన పని లేదు. మీ ముందున్న దారులన్నీ నేను ఈ కోణంలోంచే చూస్తున్నాను.

పూర్తిగా మానేయడం ఒక దారి. మీ ఇంట్లో అందరూ చెప్పేది ఇదే. మానేస్తే రాత్రులు మీవవుతాయి, ఇంట్లో మాట పడటం తగ్గుతుంది. పాత కస్టమర్లతో కొంతకాలం అమ్మకాలు సాగుతాయి. కానీ వాళ్లు ఊళ్లు మారతారు, బీరువాలు నిండిపోతాయి. కొత్తవాళ్లు చేరకపోతే ఏడాది రెండేళ్లలో వ్యాపారం చిక్కిపోతుంది. ఆ తర్వాత మీ మనసు ఎలా ఉంటుందో కూడా ఆలోచించుకోండి. ఉద్యోగం ఒకసారి మానుకున్నారు. మీ కాళ్ల మీద నిలబెట్టిన పనిని రెండోసారి, అదీ ఎవరో అన్నారని మానుకుంటే, ఆ బాధ ఇంట్లో ఇంకో రూపంలో బయటపడుతుంది. మీకే ఈ పని మీద మనసు పోతే అది వేరు. ఉత్తరంలో నాకలా కనపడలేదు. కొత్త మూట విప్పినప్పుడు గంజి వాసన గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలే సాక్ష్యం.

ఏజెన్సీకి అప్పగించడం ఇంకో దారి. లెక్క వేయండి. నెలకు 15 వేలంటే ఆషాఢంలో మీకు మిగిలేదంతా వాళ్లకే. వాళ్లు రోజూ రీల్స్ కావాలంటారు, వాటికోసం మళ్లీ చీర కట్టుకుని కెమెరా ముందు నిలబడేది మీరే. రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా, జరీ గుచ్చుకుంటుందా, ఒక్క ఉతుకుకి ఎంత కుంచించుకుపోతుంది అన్న ప్రశ్నలకు మీరిచ్చే జవాబు వాళ్లివ్వలేరు. మీ చీరలు పోయేదే ఆ జవాబుల మీద. పైగా పేజీ వాళ్లు చూసుకున్నా, రాత్రి ఫోన్ చూసే కళ్లు మీవే. మీ అసలు కష్టానికి అది మందు కాదు. దానికన్నా మీ అపార్ట్‌మెంట్‌లోనో పక్క వీధిలోనో ఇంటి దగ్గర ఉండి ఏదైనా పని కావాలనుకునేవాళ్లు ఒకరు దొరికితే, రోజుకు రెండు గంటలు మెసేజ్‌లు చూడటానికి పెట్టుకోవడం నయం. మొదటి నెలా రెండు నెలలూ నేర్పాలి, ఒకటి రెండు ధరలు తప్పు చెబుతారు, ఒక పార్సెల్ మారిపోతుంది. అది తట్టుకోగలిగితే మంచి దారే. పాస్‌వర్డు ఎవరికిచ్చినా, రికవరీకి ఇచ్చే ఫోన్ నంబరూ మెయిలూ మాత్రం మీవే ఉండాలి.

మూడో దారి అక్కడే ఉంటూ గుమ్మాలు వేరు చేసుకోవడం. నా మొగ్గు దీనివైపే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

అన్నింటికన్నా ముందు ధర సంగతి. మీరు పోస్టులో ధర రాయడం లేదు. కామెంట్లు పెరిగితే రీచ్, అంటే పోస్టు చేరే జనం, పెరుగుతుందని ఎవరో చెప్పారని రాశారు. అలా వచ్చే "ప్రైస్ ప్లీజ్"లే మిమ్మల్ని రోజంతా వంటింట్లోంచి, హోంవర్క్ దగ్గర్నుంచి లాగుతున్నాయి. ధర, చీర పొడవు, బ్లౌజు ఉందా లేదా, కొరియర్ ఖర్చు, అన్నీ ఫొటో కిందే రాసేయండి. కామెంట్లు తగ్గుతాయి, రీచ్ కూడా కొంత తగ్గవచ్చు, పక్క పేజీలవాళ్లకు మీ ధర తెలిసిపోతుంది. ఇవి నిజమైన నష్టాలే. లాభం ఏమిటంటే, ధర చూసి కూడా మెసేజ్ పెట్టేవాళ్లు కొనే మనసుతో వస్తారు.

రెండోది, ఆ యాప్‌ను మీ ఫోన్‌లోంచి తీసేయండి. వ్యాపారంలోంచి కాదు, మీ చేతిలోంచి. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మెటా బిజినెస్ సూట్ (వ్యాపారుల కోసం మెటా పెట్టిన సైటు) తెరిస్తే పోస్టులు, స్టోరీలు ముందే తయారుచేసి ఫలానా రోజు ఫలానా వేళకు వెళ్లేలా పెట్టవచ్చు, మెసేజ్‌లకు జవాబులూ ఇవ్వవచ్చు. అక్కడ రీల్స్ ధార ఉండదు. సోమవారం పిల్లలు స్కూలుకి వెళ్లాక కూర్చుంటే వారానికి సరిపడా పెట్టేయవచ్చు. లైవ్‌కి ఫోన్ కావాలి కాబట్టి పక్కన పడేసిన పాత ఫోన్‌లో యాప్ ఉంచి, దాన్ని చీరలుండే గదిలో స్టాండుకే బిగించేయండి. ఆ గది దాటి అది బయటకు రాకూడదు. మంచం మీద పడుకుని చూసే వీలు లేకపోవడమే ఇందులో అసలు ప్రయోజనం. ఒకటి ముందే చెబుతున్నాను: మొదటి వారం పది రోజులు చేతులు ఊరికే ఫోన్ వెతుక్కుంటాయి, ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. కార్తీకంలో మీకు పట్టుకున్న భయం మళ్లీ వస్తుంది. అప్పుడు దుకాణం పూర్తిగా మూసేశారు, అందుకే ఎనిమిది చీరల బేరం పోయింది. ఈసారి మూయడం లేదు, వేళలు పెడుతున్నారు. చిక్‌పేటలో చీరల కొట్లకు తెరిచే వేళా మూసే వేళా ఉంటాయి, తెల్లారుజామున వెళ్లి ఎవరూ షట్టర్ కొట్టరు. పేజీ పైన "జవాబులు ఉదయం 10 నుంచి 12, రాత్రి 8 నుంచి 9" అని రాయండి. వాట్సాప్ బిజినెస్‌లో ఆ వేళలు దాటితే దానంతటదే వెళ్లే సందేశం పెట్టుకునే సౌకర్యం ఉంది. కొందరు ఆగరు, వేరేచోట కొంటారు. పదిమందిలో ఒకరిద్దరు అలా పోతారనుకునే లెక్క చూసుకోండి.

మూడోది, మీ కస్టమర్ల పేర్లూ నంబర్లూ మీ చేతిలో ఉండాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాన్నే నమ్ముకున్నవాళ్లు ఒక్క రాత్రిలో తమను చూసే జనాన్నంతా పోగొట్టుకున్నారు. వాట్సాప్‌కు మారితే చాలు అనుకోవద్దు, అదీ ఇన్‌స్టాగ్రామూ ఒకే కంపెనీవి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌తో సహా రెండూ కలిసి ఆరు గంటల పాటు ఆగిపోయాయి. అందుకని ఒక మామూలు రూళ్ల పుస్తకం కొనండి. పేరు, నంబరు, ఏ చీర కొన్నారు, ఏ రంగు అడిగారు, ఏ పండక్కి. కొన్న ప్రతి ఒక్కరినీ మీ నంబరు సేవ్ చేసుకోమనండి, ఎందుకంటే ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అలా సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఒక జాబితాకు 256 మంది. కొత్త సరుకు రాగానే ముందు వాళ్లకు చూపించి, మిగిలినవి పేజీలో పెట్టి చూడండి. సగానికి సగం పేజీ దాకా రాకుండానే అమ్ముడుపోతే రీచ్ తగ్గిందన్న దిగులు దానంతటదే తగ్గుతుంది.

బెంగళూరులో మీకున్న ఇంకో అవకాశం అపార్ట్‌మెంట్ స్టాళ్లు. వరలక్ష్మీ వ్రతం ముందు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో క్లబ్‌హౌస్‌లోనో కిందనో స్టాళ్లు పెట్టిస్తారు. స్టాలుకు అద్దె కట్టాలి. శనాదివారాలు పోతాయి. మూటలు మోయాలి, నలభై చీరలు విప్పించి ఒకటీ కొననివాళ్లకు కూడా నవ్వుతూ మళ్లీ మడతపెట్టాలి. కానీ చీర చేత్తో ముట్టుకుని కొన్నవాళ్లు తిరిగి ఇవ్వడం తక్కువ, వాళ్ల నంబరు అక్కడికక్కడే మీ పుస్తకంలోకి వస్తుంది. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ఏడాదికి పండగల ముందు ఒకటి రెండు మించి పెట్టుకోవద్దు.

ఇంటి సంగతికి వస్తాను. మీవారి మాటలో రెండున్నాయి, వాటిని విడదీసి జవాబు చెప్పండి. రాత్రి ఒంటిగంట దాకా మేల్కొని ఉంటున్నావు అన్నది నిజం, ఒప్పుకోండి. నీ డబ్బు లేకపోయినా బతుకుతాం అన్నది మిమ్మల్ని చిన్నబుచ్చే మాట, ఒప్పుకోవద్దు. ఏడాది లెక్క ఒక కాగితం మీద రాసి, ఫీజులెంత, ఇంటికెంత, నేతవాళ్లకెంత వెళ్లింది అన్నది ఆయన ముందు పెట్టండి. గొడవ జరుగుతున్నప్పుడు కాకుండా ఆదివారం మధ్యాహ్నం లాంటప్పుడు. ఆయన కూడా క్రికెట్ వీడియోలు చూస్తూనే నిద్రపోతారని రాశారు. ఒకే మంచం మీద ఒకరి ఫోను అలవాటు, ఇంకొకరిది అపరాధం అనడానికి వీల్లేదు. పడగ్గదిలోకి ఫోన్లు రాకూడదన్న నియమం పెడితే ఇద్దరికీ పెట్టాలి. ఆయన ఒప్పుకోకపోయినా మీరు మొదలుపెట్టవచ్చు, కాకపోతే చీకట్లో పక్కన వెలిగే తెర చూస్తూ నిద్రపోవడం కష్టం. అలారానికి ఒక చిన్న గడియారం కొనుక్కోండి. శనివారం లైవ్ గంటన్నరా పిల్లల్ని చూసుకోమని ఆయన్ని అడగండి. మీ పనిలో ఆయనకూ ఒక పాలు పడితే చూసే తీరు కొంత మారుతుందని నా అనుభవం, మారకపోయినా ఆ గంటన్నరా మీకు దక్కుతుంది.

అత్తగారి మాట మీకు ములుకులా గుచ్చుకుంది గానీ, నాకది నిజాయితీగా అడిగిన ప్రశ్నలా అనిపించింది. ఆర్డరు తీసుకుంటున్నప్పుడూ వీడియో చూస్తున్నప్పుడూ మీరు ఆవిడకు ఒకేలా కనపడతారు. పని ల్యాప్‌టాప్ దగ్గర, పుస్తకం పక్కన పెట్టుకుని చేస్తే ఆవిడకే తేడా తెలుస్తుంది. కొరియర్‌కి చీరలు మడతపెట్టేది ఆవిడేనని రాశారు కదా. ఆవిడకు కూడా ఏదో ఒక పేరుతో నెలనెలా కొంత ఇవ్వగలిగితే ఇవ్వండి.

బాబు విషయం. వాడికి పెద్ద పెద్ద మాటలివ్వకండి, తప్పితే వాడు ఇంకా ముడుచుకుపోతాడు. "అమ్మ కొట్టు రాత్రి 8కి తెరిచి 9కి మూస్తుంది, మిగతా సాయంత్రమంతా ఏదైనా చెప్పొచ్చు" అని ఒక్కసారి చెప్పి, అలాగే నడుచుకోండి. వాడు నమ్మడానికి టైం పడుతుంది, మధ్యలో కావాలనే తొమ్మిదిలోపు వచ్చి పరీక్షిస్తాడు కూడా. ఇంకొకటి, అమ్మ ఫోన్ చూస్తే నాకు చెప్పు అని ఇంట్లో ఎవరైనా వాడిని కాపలా పెడితే వెంటనే ఆపండి. తల్లి తప్పు పట్టుకునే ఉద్యోగం ఎనిమిదేళ్ల పిల్లాడికి వద్దు.

ఇప్పుడు నిద్ర. పైన చెప్పినవి నెల రోజులు చేశాక కూడా అర్ధరాత్రి దాటి మేల్కొనే ఉంటున్నా, ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచి చూస్తున్నా, చూడకపోతే చేతులు వణికేంత ఆందోళన వస్తున్నా, దేని మీదా మనసు పోకుండా ఉన్నా, మీకు మీరే సర్దిచెప్పుకుంటూ కూర్చోవద్దు. మీరున్న ఊళ్లోనే మానసిక ఆరోగ్యానికి పేరున్న కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. టెక్నాలజీ వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం అక్కడ 2014 నుంచి 'షట్' పేరుతో ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. కేవలం పిల్లల కోసమో గేములాడేవాళ్ల కోసమో పెట్టింది కాదు. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందు ఫోన్లోనే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఒక్కోసారి రాత్రిపూట ఆ వీడియోలు చూడటం వెనక వేరే దిగులు ఉంటుంది. ఉద్యోగం మానేసినప్పటి సంగతులు మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. అక్కడ చెప్పాల్సింది ఏమైనా మిగిలి ఉంటే, వినడానికి శిక్షణ ఉన్న మనిషికి చెప్పడం మేలు.

ఇది ఆషాఢం, మీకు బేరాలు తక్కువుండే నెల. కొత్త పద్ధతి తప్పొప్పులు చూసుకోవడానికి ఇంతకన్నా అనువైన సమయం రాదు. శ్రావణంలో ఆర్డర్లు ముంచెత్తే లోపు ధరలు రాయడం, ల్యాప్‌టాప్, పుస్తకం, ఈ మూడూ అలవాటైతే చాలు. స్టాళ్ల సంగతి దసరాకు ఆలోచించుకోవచ్చు. రూళ్ల పుస్తకంలో ఇంకో గడి కూడా గీయండి: ఈ ఆర్డరు పేజీ నుంచి వచ్చిందా, వాట్సాప్ నుంచా, ఒకరు చెబితే ఇంకొకరు వచ్చారా అని. రెండు నెలల తర్వాత పేజీ మీద ఎంత సమయం పెట్టాలో ఆ గడి చూసి మీరే తేల్చుకోగలరు, నన్ను కూడా అడగక్కర్లేదు. జవాబు వేళలు పేజీ పైన రాసేటప్పుడు తెలుగుతో పాటు కన్నడలో, ఇంగ్లిష్‌లో కూడా రాయండి. మీ లైవ్‌కి వచ్చేవాళ్లలో కన్నడవాళ్లూ చాలామంది ఉన్నారని రాశారు, వాళ్లకు అర్థం కాక రాత్రి పదింటికి మెసేజ్ పెడితే తప్పు వాళ్లది కాదు.